సన్నగా ఉంటే కుర్రది, వెడల్పైతే ముసలిది

నీళ్లు రాయిని కోస్తాయని మనందరం బళ్లో చదువుకున్నాం. ఆ మాట నిజమే గానీ అందులో సగం సంగతే ఉంది, పిల్లలూ. మిగతా సగం తెలియాలంటే పుస్తకం మూసి ఒక పూట నడవాలి. అలా నడవడానికి నేనెరిగిన మంచి చోటు ఒకటి అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, ఇథాకా ఊరి పక్కనే ఉంది. రాబర్ట్ హెచ్. ట్రీమన్ స్టేట్ పార్క్ అంటారు. న్యూయార్క్ అనగానే ఆకాశహర్మ్యాలు గుర్తుకు తెచ్చుకోకండి. ఆ మహానగరానికి నాలుగు గంటల కారు ప్రయాణం ఇది. చుట్టూ పాడి పశువులు, ద్రాక్షతోటలు, పొడుగాటి సరస్సులు. కార్నెల్ యూనివర్సిటీ ఈ ఊళ్లోనే ఉంది కాబట్టి మన తెలుగు పిల్లలు ఎప్పుడూ కొందరుంటారు. వాళ్లను చూడటానికి వచ్చే నాలాంటి తాతలూ బామ్మలూ వేసవిలో కనబడుతూనే ఉంటారు.

ఎన్‌ఫీల్డ్ వాగు అని ఒక చిన్న వాగు ఈ పార్కులో కొండను నిలువునా చీల్చుకుని దిగుతుంది. వాగు పక్కనే గండి లోపలి నుంచి ఒక దారి, గండి అంచున పైనుంచి ఇంకో దారి. ఒక్కొక్కటీ మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కివస్తే, వెళ్లిన దారిన మళ్లీ రాకుండా చుట్టు పూర్తవుతుంది. మొత్తం ఏడు కిలోమీటర్లు దాటుతుంది. దారిలో 12 జలపాతాలు. వాటిలో పెద్దది లూసిఫర్ ఫాల్స్, 115 అడుగులు.

పదిమంది కలిసి బయల్దేరేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఎప్పటికి తిరిగొస్తాం అని. దీనికి ఒక పాత లెక్క ఉంది. స్కాట్లండ్‌లో కొండలెక్కే విలియం నేస్మిత్ అనే ఆయన 1892లో చెప్పాడు. ప్రతి మూడు మైళ్లకు ఒక గంట వేసుకోండి, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకు ఇంకో గంట కలపండి అని. మన చుట్టు నాలుగున్నర మైళ్లు, అంటే గంటన్నర. ఎక్కుడు ఆరేడు వందల అడుగులనుకుంటే ఇంకో ఇరవై నిమిషాలు. అంతా కలిపి రెండు గంటల లోపే. అయితే ఇది ఎక్కడా ఆగకుండా నడిచే దిట్టమైన మనిషి లెక్క. మా గుంపులో ఏడేళ్ల పిల్ల ఉంది, డెబ్భై దాటిన వాళ్లున్నారు, ప్రతి జలపాతం దగ్గరా ఫోటో దిగేవాళ్లున్నారు. అందుకని లెక్కను రెండింతలు చేసి, దానిమీద భోజనానికి ఒక గంట వేశాం. పొద్దున తొమ్మిదికి పై పార్కింగ్ దగ్గర చెప్పులు మార్చి బూట్లు వేసుకున్నాం. నిదానంగా నడిచే పెద్దవాళ్లు ముందు, కుర్రాళ్లు మధ్యలో, దారి తెలిసిన మనిషి అందరికన్నా వెనక. ఈ వరస ఎవరూ మార్చకూడదు. చురుకైనవాళ్లు ముందుంటే గుంపు తాడులా సాగి తెగిపోతుంది. గండి లోపల సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. రెండు వైపులా అంత రాయి నిలబడి ఉంటే టవర్ నుంచి వచ్చే తరంగాలు కిందికి చేరవు. తప్పిపోయినవాళ్లకి ఫోన్ చేద్దామంటే కుదరదు.

పై పార్కింగ్ పక్కనే పందొమ్మిదో శతాబ్దం నాటి పిండిమర ఒకటి పదిలంగా నిలబడి ఉంది. ఈ వాగు నీటితోనే ఒకప్పుడు అక్కడ గోధుమలు విసిరేవారు. దాన్ని దాటి నాలుగు అడుగులు వేయగానే రాతిగోడలు రెండు వైపులా దగ్గరకొచ్చేస్తాయి. గాలి చల్లబడుతుంది, నీటి చప్పుడు పెరుగుతుంది. మాట్లాడాలంటే గొంతు పెంచాలి.

ఇక్కడ పిల్లల్ని గోడ దగ్గరికి పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాను. వేలి మందం పొరలు, మధ్యమధ్యలో జానెడు మందం పొరలు, ఒకదానిమీద ఒకటి. సన్నపొరలు గోటితో గీకితే రాలేంత మెత్తన, అవి షేల్. అంటే గట్టిపడ్డ బురద. మందంగా ఉన్నవి సన్నటి ఇసుక గట్టిపడ్డవి. ఇవి 37, 38 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నాయి. తూర్పున అప్పట్లో పెద్ద పర్వతాలుండేవి. అవి వానలకు అరిగి, ఆ మట్టీ ఇసుకా నదులు మోసుకొచ్చి ఇక్కడి లోతులేని సముద్రంలో పోశాయి. ఇంకో విచిత్రం, ఈ నేల అప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన, వెచ్చటి నీళ్లలో ఉండేది. దారిలో పరిచిన పలకల మీద అక్కడక్కడా చిన్న చిన్న అలల ముడతలు కనిపిస్తాయి. అలలు ఇసుక మీద వదిలిన గుర్తులే అవి, రాయిగా మారి అలాగే ఉండిపోయాయి. పెద్దవాళ్లలో ఒకాయనది జమ్మలమడుగు. "మా ఊళ్లో నాపరాళ్లు కూడా ఇంతేనా?" అని అడిగారు. నాపరాయి కూడా సముద్రం అడుగున పేరుకున్నదే గానీ అది సున్నపురాయి, ఇది బురద, ఇసుక. వయసులో మన కడప రాళ్లు వీటికి చాలా పెద్దవి. గండికోటలో పెన్న చీల్చుకుపోయిన క్వార్ట్‌జైట్ వంద కోట్ల ఏళ్లకు పైబడినది.

ఇంతలో మా మనవరాలు సంజన గోడ మూల దగ్గర ఆగిపోయింది. "తాతయ్యా, దీన్ని ఎవరో రంపంతో కోశారు కదూ?" అంది. అలా అనిపించడంలో తప్పులేదు. గోడ నున్నగా, నిటారుగా సాగి, ఒకచోట ఠక్కున లంబకోణంలో తిరుగుతుంది. కాస్త దూరం పోయాక మళ్లీ అలాగే తిరుగుతుంది. వాగంటే వంపులు తిరుగుతూ పోవాలి కదా, ఇదేమిటి మూలమట్టం పెట్టి గీసినట్టు?

అక్కడే అసలు సంగతి మొదలవుతుంది. ఈ రాయిలో వాగు పుట్టకముందే నిలువు పగుళ్లున్నాయి. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా ఖండం వచ్చి ఉత్తర అమెరికాను ఢీకొంది. ఆ ఒత్తిడి ఇక్కడి లోతు పొరల దాకా పాకింది. పైన కిలోమీటర్ల మందం మట్టి బరువు, లోపల ఇరుక్కున్న ద్రవాల పీడనం. అన్నీ కలిసి రాయిని రెండు దిక్కుల్లో, ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా పగలగొట్టాయి. భూగర్భ శాస్త్రంలో వీటిని జాయింట్లు అంటారు. పగులు ఉన్నచోట రాయి బలహీనం. నీరు దూరేది, చలికి గడ్డకట్టేది, దిమ్మలు ఊడేది ఆ గీత వెంటే. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. పగుల్లోకి చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టి, చలికాలమంతా రాయిని కొంచెం కొంచెంగా ఎడం చేస్తుంది. అందుకే చలికాలంలో ఈ లోపలి దారి మూసేస్తారు. వసంతంలో తెరిచే ముందు మనుషులు వచ్చి, గోడల మీద వదులైన రాళ్లను ఇనుప గడ్డపలుగులతో పెకలించి కింద పడేసి, ఆ తర్వాతే జనాన్ని రానిస్తారు. దారి మూసి ఉందని బోర్డు పెడితే గొలుసు దాటి వెళ్లకండి. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. తలమీద పడే రాయికి మన ఉత్సాహం తెలియదు.

సరే, పగుళ్లు దారి చూపించాయి. మరి కోసింది ఏది? సంజన తమ్ముడికి ఈ ప్రశ్న ముందే వచ్చింది. వాగు గట్టున కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి, "తాతయ్యా, ఈ నీళ్లు నా మోకాలి దాకా కూడా రావు. ఇంత కొండని ఇవి కోశాయా?" అని నిలదీశాడు.

వాడి అనుమానం నూటికి నూరుపాళ్లు న్యాయం. వేసవిలో మనం చూసే ఈ నీళ్లు కోసింది చాలా తక్కువ. పని జరిగేది వరద రోజుల్లో. ఎంత తేడానో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నీటి వేగం రెండింతలైతే అది నెట్టగల రాయి అడ్డం నాలుగింతలు అవుతుంది. రాయి అంటే అడ్డమొకటే కాదు, పొడవూ ఎత్తూ కూడా. మూడూ నాలుగింతలైతే నాలుగు నాలుగుల పదహారు, పదహారు నాలుగుల అరవై నాలుగు. వేగం రెండింతలైతే దొర్లించగల రాయి బరువు 64 రెట్లు! మామూలు రోజున గులకరాయిని కదపలేని వాగు వరదలో బండల్ని దొర్లించుకుపోతుంది. ఉత్త నీరు రాయిని కోయదు. నీరు మోసుకుపోయే ఇసుకా గులకలూ బండలూ కోస్తాయి. నీరు వాటిని విసిరే చెయ్యి.

ఆ పని జరిగిన గుర్తు పక్కనే ఉంది. వాగు అడుగున రాతిలో గుండ్రటి గుంట. నీరు తేటగా ఉంది కాబట్టి అడుగు దాకా కనిపిస్తోంది. లోపలి గోడలు నున్నగా, అడుగున నాలుగైదు గులకరాళ్లు, అన్నీ గుండ్రంగా అరిగినవే. మా ఆవిడ చూడగానే "ఇది రోలు కదండీ!" అంది. సరిగ్గా అంతే. సుడి తిరిగే నీరు గులకరాయిని పొత్రంలా గుంటలో తిప్పుతుంది. రాయి రోలును అరగదీస్తుంది, తనూ అరుగుతుంది. అరిగి కరిగిపోతే పైనుంచి ఇంకో గులకరాయి వచ్చి పడుతుంది. ఇలాంటి గుంటలు రెండు పక్కపక్కనే పెరిగి, మధ్య గోడ కూలి, ఒకటైపోతాయి. వాగు అడుగు అలా కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది.

వరద శక్తి ఎంతటిదో ఈ పార్కుకు బాగా తెలుసు. 1935 జూలైలో ఈ సరస్సుల ప్రాంతమంతటా కుండపోత కురిసింది. గండి లోపల అప్పటికి కట్టిన దారులూ వంతెనలూ చాలా మటుకు కొట్టుకుపోయాయి. వాటిని మళ్లీ నిలబెట్టిన వాళ్ల సంగతి మీకు చెప్పి తీరాలి. 1929 తర్వాత అమెరికాలో పనుల్లేక కోట్లమంది అల్లాడారు. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అని ఒక పథకం పెట్టి, పేద కుటుంబాల కుర్రాళ్లను అడవుల్లో, పార్కుల్లో పనికి తీసుకున్నాడు. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 నేరుగా ఇంటికి. ఈ పార్కు కింది భాగంలోనే వాళ్ల శిబిరం 1933 నుంచి 1941 దాకా ఉంది. ఇప్పుడు మనం కాలు పెడుతున్న రాతి మెట్లు, గట్టు గోడలు, వంపు వంతెనలు చాలావరకు ఆ కుర్రాళ్ల చేతిపనే. ఇక్కడి రాతినే తీసుకుని, ఇక్కడి పొరల వరసకు తగ్గట్టే పేర్చారు. ఒక చోట గోడ ఎక్కడ ఆగి కొండ ఎక్కడ మొదలైందో పోల్చుకోవడానికి మాకు కాసేపు పట్టింది. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లల పనితనం అది. ఈ భూమిని పార్కుగా ప్రజలకు ఇచ్చింది రాబర్ట్ ట్రీమన్, ఆయన భార్య లారా. అది 1920 నాటి మాట. అంతకు ముందు ఎన్నో తరాలుగా ఇది కయూగా తెగవాళ్ల నేల. పక్కనున్న పెద్ద సరస్సుకు ఇప్పటికీ వాళ్ల పేరే.

ఇరుకు గోడల మధ్య నుంచి అలా నడుస్తూ నడుస్తూ ఒక మలుపు తిరిగామో లేదో, నేల అంతా కాళ్ల కింద జారిపోయినట్టైంది. వాగు ఒక్కసారిగా 115 అడుగులు కిందికి దూకుతోంది. దారి పక్కన కొండకు ఆనుకుని మెట్లుమెట్లుగా దిగుతోంది. ఎదురుగా గండి ఎంత వెడల్పుగా తెరుచుకుందంటే, లోపల అడవే పెరిగింది. మైలున్నర దూరం దాకా చెట్ల తలలు కనిపిస్తున్నాయి. ఇంతసేపూ చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయేమో అనిపించే చోటులో నడిచినవాళ్లం అందరం అక్కడే నిలబడిపోయాం.

ఈ ఒక్క చోటు కోసమే ఈ కబురంతా ఎత్తుకున్నాను. అదే వాగు, అదే రాయి, అవే పగుళ్లు. పైన అంత ఇరుకు, కింద ఇంత వెడల్పు. ఎందుకు?

పిల్లలు తలో మాట చెప్పారు. కింద రాయి మెత్తనేమో అన్నాడొకడు. లేదు, ఒకే రకం. కింద నీళ్లు ఎక్కువేమో అంది ఇంకో పిల్ల. ఇదే నీరు కదమ్మా కిందికి పోయేది. జవాబు వాగులో లేదు. దానికోసం మనం ముందు మంచు దగ్గరికి వెళ్లాలి.

ఈ ప్రాంతంలో చేతివేళ్లు చాచినట్టు ఉత్తర దక్షిణాలుగా పదకొండు సరస్సులున్నాయి. ఫింగర్ లేక్స్ అంటారు. ఇథాకా పక్కన ఉన్న కయూగా సరస్సు పొడవు 60 కిలోమీటర్లు, లోతు 435 అడుగులు. ఇందులో ఒక తిరకాసు ఉంది. సరస్సు నీటిమట్టం సముద్ర మట్టానికి 382 అడుగుల ఎత్తున ఉంది. లోతు అంతకంటే ఎక్కువ. అంటే సరస్సు అడుగు సముద్ర మట్టం కంటే కిందికి ఉంది! పక్కనే ఉన్న సెనెకా సరస్సు లోతైతే 618 అడుగులు. సముద్రానికి ఇంత దూరంలో, సముద్రం కంటే లోతుకు తవ్వడం ఏ నదికీ చేతకాదు. నీరు పల్లానికే పోవాలి గనుక సముద్ర మట్టం దగ్గరికి వచ్చేసరికి దాని బలం అయిపోతుంది. మరి తవ్వింది మంచు. కెనడా నుంచి దిగివచ్చిన మంచు పలక ఇక్కడ కిలోమీటరు పైగా మందాన కప్పేసింది. వెనకనుంచి తోసే బరువు ఉంటే మంచు ఎగువకు కూడా పాకుతుంది, పల్లం దాటి లోతుకూ తవ్వుతుంది. ఉత్తర దక్షిణంగా ఉన్న పాత నదీ లోయలు దానికి అనువుగా దొరికాయి. వాటిని దోకి దోకి లోతు చేసింది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న వాగుల లోయలు మాత్రం ఎత్తులోనే మిగిలిపోయాయి. మంచు పది పదిహేను వేల ఏళ్ల కిందట వెనక్కి పోయాక, ఎత్తులో మిగిలిన వాగులు పెద్ద లోయలోకి దూకాల్సి వచ్చింది. ఈ చుట్టుపక్కల అన్ని జలపాతాలు ఉండటానికి కారణం ఇదే. ఇక్కడికి కాస్త ఉత్తరాన ఉన్న టగానక్ జలపాతం 215 అడుగులు, నయాగరా కంటే ఎత్తు. గండిని కోయడానికి వాగుకు కావలసిన వాలును ఇచ్చింది మంచే.

అయితే మంచు ఒక్కసారి రాలేదు. వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. రెండు మంచుయుగాల నడుమ వెచ్చటి కాలం చాలా ఏళ్లు సాగింది. అప్పుడు కూడా ఇక్కడ ఒక వాగు ఉండేది. దానికి సమయం దండిగా దొరికింది. తాపీగా కోసి, గోడలు కూలి వెడల్పై, పెద్ద గండి తయారైంది. తర్వాత మంచు మళ్లీ వచ్చి ఆ గండి మొత్తాన్ని కంకరతో, బంకమట్టితో, బండలతో పూడ్చేసింది. పైన చదునైపోయింది. చివరికి మంచు కరిగి, వాగు మళ్లీ పారడం మొదలుపెట్టింది. పాత గండి ఎక్కడుందో దానికి కనబడదు కదా. పల్లం దొరికిన వైపు పారింది. పారిన చోట కింద పాత గండి పూడిక ఉంటే, ఆ వదులు కంకరను ఇట్టే కడిగేసి పాత గండిని బయటికి తీసింది. కింద గట్టి రాయి తగిలితే, మళ్లీ మొదటినుంచి కోసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. మనం దిగివచ్చిన ఇరుకు భాగం మంచు పోయాక కోసుకున్నది, వయసు పది పదిహేను వేల ఏళ్లకు మించదు. ఎదురుగా ఉన్న వెడల్పు గండి దానికంటే ఎంతో పాతది, లక్ష ఏళ్లు దాటినది. కొత్త గండి పాత గండిలోకి తెరుచుకునే అంచు మీదే లూసిఫర్ ఫాల్స్ నిలబడి ఉంది. మేం అక్కడ చేతులు పెట్టుకుని ఆనుకున్న గట్టుగోడ రెండు కాలాల సరిహద్దులో ఉందన్నమాట. కార్నెల్‌లో భూగర్భ శాస్త్రం చెప్పిన వాన్ ఎంగెల్న్ అనే ప్రొఫెసర్ ఈ గండిని అలా చదివి చూపించాడు. ఫింగర్ లేక్స్ పుట్టుక మీద 1961లో ఆయన పుస్తకం కూడా వచ్చింది. సన్నగా ఉన్నచోట గండి కుర్రది, వెడల్పైన చోట ముసలిది. ఈ ఒక్క మాట చెప్పానో లేదో, అక్కణ్ణుంచి పిల్లలు నడక మానేసి ప్రతి మలుపు దగ్గరా "ఇది ముసలిది, ఇది కుర్రది" అని తేల్చడమే పనిగా పెట్టుకున్నారు. కింది జలపాతం దగ్గర గోడలు మళ్లీ దగ్గరకొచ్చినప్పుడు అందరికంటే ముందు అరిచింది ఏడేళ్ల పిల్లే.

కింది పార్కులో చెట్ల కింద డబ్బాలు విప్పాం. పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు. జలపాతం కింది మడుగులో ఈతకు కాపలా ఉన్నప్పుడు మాత్రమే దిగనిస్తారు. కుర్రాళ్లు దిగారు, వణుకుతూ బయటికొచ్చారు.

తిని లేచాక గండికి రెండు పక్కలా ఉన్న అడవిని చూడమన్నాను. వాగు ఇంచుమించు పడమర నుంచి తూర్పుకు పోతుంది కాబట్టి ఒక గోడ దక్షిణానికి, ఒకటి ఉత్తరానికి తిరిగి ఉన్నాయి. మన విజయవాడలోనైతే మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు ఉత్తరం చూసే గోడకూ ఎండ తగులుతుంది. ఇథాకా 42 డిగ్రీల అక్షాంశంలో ఉంది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణంవైపే ఉంటాడు. కాబట్టి దక్షిణం చూసే వాలు ఎండకు ఎండి, దానిమీద ఓక్ చెట్లు. ఉత్తరం చూసే వాలు చల్లగా, తడిగా, దానిమీద హెమ్‌లాక్ చెట్లు. ఒకే గండి, మధ్యలో రాయి విసిరేంత దూరం, రెండు వేరు వేరు అడవులు.

హెమ్‌లాక్ కొమ్మ ఒకటి దగ్గరికి వంచి చూశాం. పొట్టి చదును ఆకులు, తిప్పి చూస్తే ప్రతి ఆకు అడుగునా రెండు తెల్లటి చారలు. ఈ చెట్లు చిక్కటి నీడనిచ్చి వాగును చల్లగా ఉంచుతాయి. వీటికి ఇప్పుడు పెద్ద ఆపద వచ్చింది. జపాన్ నుంచి వచ్చిన ఒక పురుగు, మిల్లీమీటరున్నర కూడా ఉండదు, ఆకుల మొదట్లో కూర్చుని రసం పీలుస్తుంది. తనచుట్టూ తెల్లటి ఊలు అల్లుకుంటుంది. తూర్పు అమెరికాలో 1951లో వర్జీనియా రాష్ట్రంలో మొదట గుర్తించారు. ఇక్కడ ఆ జాతిలో అన్నీ ఆడవే. మగ పురుగు లేకుండానే గుడ్లు పెడతాయి. ఒక్కటి చేరితే చాలు, గుంపు తయారవుతుంది. కార్నెల్ శాస్త్రవేత్తలు పడమటి తీరం నుంచి ఆ పురుగును తినే చిన్న పెంకు పురుగును తెచ్చి ఈ అడవుల్లో వదులుతున్నారు. ఈ చెట్లు పోతే ఈ చల్లదనం పోతుంది, చల్లటి నీళ్లలో బతికే చేపలు పోతాయి. వాళ్ల పని ఫలించాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

దారి పక్క పొదల దగ్గర ఒక హెచ్చరిక. మూడేసి ఆకులతో ఒక తీగ ఉంటుంది, పాయిజన్ ఐవీ. దాన్ని తాకితే చర్మం ఎర్రబడి, బొబ్బలెక్కి, వారాల తరబడి దురద పెడుతుంది. మన జీడిమామిడి, మామిడి, చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, ఇవన్నీ దాని కుటుంబమే. మామిడి సొన, జీడి తగిలితే కొందరికి చర్మం పొక్కడానికి కారణమైన నూనె కూడా ఆ తీగలోని నూనెకు దగ్గరి చుట్టమే. అందుకే పాయిజన్ ఐవీ పడనివాళ్లలో కొందరికి మామిడికాయ తొక్క కూడా పడదు. ఇది విని ఆవకాయ పెట్టే పెద్దమ్మ ఒకావిడ తన చేతులు ఒకసారి తిప్పి చూసుకున్నారు.

తిరుగు దారి గండి అంచున, పైనుంచి. ఎక్కడం ఊపిరిని అడుగుతుంది, దిగడం కండరాన్ని అడుగుతుంది. మర్నాడు తొడలు నొప్పెట్టేది ఎక్కినందుకు కాదు, పొద్దున అన్ని మెట్లు దిగినందుకు. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండరం మన బరువును ఆపుతూనే సాగాల్సి వస్తుంది. అలా సాగుతూ బరువు మోస్తే లోపలి పోగుల్లో సన్నటి చీలికలు పడతాయి. అవి బాగుపడే క్రమంలో వాపు, నొప్పి. ఇది రెండో రోజున ఎక్కువవుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుందని చాలామంది అంటారు గానీ, అది నడక ఆగిన గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి సర్దుకుపోతుంది. పడుకోకుండా నెమ్మదిగా తిరగడమే మందు.

అంచు మీదుగా నడుస్తుంటే చెట్ల సందుల్లోంచి ఎదుటి గట్టున ఉదయం మనం నిలబడిన చోటు కనిపించింది. అక్కడ సంజన ఇంకో ప్రశ్న వేసింది. "తాతయ్యా, మంచు మళ్లీ వస్తే?"

వస్తే ఈ గండి కూడా పూడిపోతుంది, కుర్రదీ ముసలిదీ కలిపి. పోయాక వాగు మళ్లీ పల్లం వెతుక్కుంటుంది. కొంత పాతదాన్ని తవ్వి తీస్తుంది, కొంత కొత్తగా కోస్తుంది. అప్పుడు మూడు వయసుల గండి అవుతుంది.

"అయితే ఆ ముసలి గండి జలపాతానికి పైన ఏమైంది? అక్కడితో ఆగిపోయిందా?" అని మళ్లీ అడిగింది. ఆగదమ్మా, వాగు ఆకాశం నుంచి మొదలు కాదు కదా. జలపాతానికి ఎగువన కూడా అది సాగే ఉండాలి. వాగు దాన్ని వదిలి పక్కకు తిరిగి కొత్తగా రాయి కోసుకుంది కాబట్టి, ఆ పాత భాగం ఈ అడవి కింద ఎక్కడో ఇంకా కంకర నిండి ఉండాలి.

ఎలా తెలుస్తుంది మరి? రాళ్లను చూడండి. ఇక్కడి రాయి అంతా బూడిద రంగు, పొరలు పొరలుగా విడిపోతుంది. వాగులోనో, కోసుకుపోయిన గట్టులోనో గులాబీ రంగులో మెరిసే గుండ్రటి గట్టి రాయి కనబడిందంటే, అది గ్రానైటో నైసో. అలాంటి రాయి ఈ చుట్టుపక్కల కొండల్లో బయటికి తేలి ఎక్కడా లేదు. దాన్ని మంచు ఉత్తరాన, కెనడా వైపు నుంచి మోసుకొచ్చి పడేసింది. అలాంటి రాళ్లు, రకరకాల సైజుల్లో, మట్టితో కలగలిసి గట్టు నిండా ఉన్నాయంటే ఆ గట్టు మంచు పోసిన పూడిక. మా వాళ్లకు పిండిమర దగ్గరికి తిరిగి చేరేలోపు అలాంటివి మూడు దొరికాయి. చేత్తో తీసి, తడిపి, రంగు చూసి, ఎక్కడివి అక్కడే పెట్టేశారు. స్టేట్ పార్కులోంచి రాయి తీసుకెళ్లకూడదు.